పాటలన్నీ ఉన్నాయి.. ఫోన్‌లో తప్ప!

మీ ఫోన్‌లో ఎన్ని పాటలున్నాయి?

ఇదేం ప్రశ్న అనుకోకండి. ఈ మధ్య కనబడ్డ కుర్రకారునందర్నీ ఇదే అడుగుతున్నాను. ఇంటర్ చదువుతున్న మా మేనల్లుడైతే "అన్నీ ఉన్నాయి మావయ్యా" అన్నాడు, చెవిలోంచి ఇయర్‌బడ్ కూడా తియ్యకుండా. సరే, ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఏదో ఒకటి వినిపించరా అన్నాను. పాటల పేర్లన్నీ బూడిదరంగులోకి మారిపోయాయి. ఎంత నొక్కినా ఒక్కటీ మోగలేదు. "నెట్ లేదు కదా మరి" అన్నాడు, తప్పంతా నాదే అన్నట్టు.

లెక్క ప్రకారం వాడి ఫోన్‌లో ఉన్న పాటలు సున్నా. అది 128 జీబీ ఫోన్. అందులో స్క్రీన్‌షాట్లు మాత్రం వేలల్లో ఉన్నాయి!

"డౌన్‌లోడ్ చేసుకుంటే వస్తాయిగా" అంటారు మీరు. వస్తాయి. కానీ ఆ డౌన్‌లోడ్ ఎలాంటిదో ఎప్పుడైనా గమనించారా? యాప్‌లో బాణం గుర్తు నొక్కితే పాట మీ ఫోన్‌లోకి వచ్చే మాట నిజమే. కాకపోతే తాళం వేసిన పెట్టెలో వస్తుంది. తాళంచెవి యాప్ దగ్గరే ఉంటుంది. ఆ పాట ఇంకో ప్లేయర్‌లో మోగదు, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కదు, స్నేహితుడికి పంపలేరు. స్పాటిఫైలో అయితే కనీసం 30 రోజులకోసారి నెట్‌లోకి వెళ్లి మొహం చూపించి రావాలి, లేకపోతే దించుకున్నవి కూడా మోగవు. చందా కట్టడం ఆపేస్తే ఇక అంతే సంగతులు. హాస్టల్లో మెస్ కార్డు లాంటిదన్నమాట. కార్డు ఉన్నన్నాళ్లూ కడుపునిండా తినొచ్చు, డబ్బాలో సర్దుకుని ఇంటికి పట్టుకెళ్తామంటే మాత్రం కుదరదు.

ముందే చెప్పేస్తున్నా, నేను స్ట్రీమింగ్‌కి వ్యతిరేకిని కాను. నెలనెలా చందా కడతాను. ఘంటసాల పాత పాట దగ్గర్నుంచి మొన్న శుక్రవారం వచ్చిన సినిమా దాకా రెండు నొక్కుల్లో దొరకడం చిన్న విషయమేం కాదు. నా పేచీ వేరే. అద్దె ఇంట్లో హాయిగా ఉంటూ ఇదే మా సొంతిల్లు అనుకుంటున్నారు చూడండి, దాని గురించి.

ఈ 'సొంతం' అన్న మాట ఎక్కడ జారిపోయిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 2001 అక్టోబరులో ఆపిల్ వాళ్లు మొదటి ఐపాడ్ తెచ్చారు. 5 జీబీ హార్డ్‌డిస్క్, 399 డాలర్ల ధర, వెయ్యి పాటలు మీ జేబులో అని ప్రచారం. తణుకులో ఉండే మాకు దాని ఫొటో తెలుసు, అంతవరకే. మా ఐపాడ్ వేరే ఉండేది. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది, సన్న పెన్సిల్ సెల్ ఒకటి వేస్తే నడిచే చైనా ఎంపీత్రీ ప్లేయర్. దాని బుల్లి తెర మీద పాట పేరు వచ్చేది కాదు, 'ట్రాక్ 07' అని వచ్చేది. ఏడో ట్రాక్ అంటే ఏ పాటో మాకు బట్టీ.

మెమరీ కార్డు పట్టే ఫోన్లు వచ్చాక అసలు పండగ మొదలైంది. బస్టాండ్ ఎదురుగా సెల్ షాపు. అద్దం మీద 'ఇచ్చట పాటలు ఎక్కించబడును' అని రాసి ఉండేది. కార్డు ఇస్తే షాపు కుర్రాడు దాన్ని కంప్యూటర్‌కి గుచ్చి, తల ఎత్తకుండానే "కొత్తవా, పాతవా, అయ్యప్ప పాటలా?" అని అడిగేవాడు. ఇరవై రూపాయలు. టీ తాగి వచ్చేసరికి కార్డు నిండిపోయేది.

ఎన్ని పాటలు పట్టేవో లెక్క కూడా మాకు నోటికి వచ్చేది. 128 కేబీపీఎస్‌లో ఎంపీత్రీ అంటే నిమిషానికి సుమారు ఒక ఎంబీ. నాలుగు నిమిషాల పాటకి నాలుగు ఎంబీలు. అదే పాట సీడీలో ఉన్నదున్నట్టుగా అయితే 40 ఎంబీలు దాటుతుంది. మన చెవి పెద్దగా పట్టించుకోని శబ్దాలని తీసిపారేసి పదోవంతుకి కుదించడమే ఎంపీత్రీ చేసిన మాయ. ఆ లెక్కన 2 జీబీ కార్డులో దాదాపు 500 పాటలు. ఆ 500లో మనం అడిగినవి ఓ వంద, మిగతావన్నీ షాపు కుర్రాడి ఇష్టం. ఈ రోజు మీరు అల్గారిథం అంటున్నారే, మాకు దానికి మీసాలుండేవి. వాడి పుణ్యమా అని మా ఫోన్లలోకి హరికథలూ, జానపదాలూ, ఎవరిదో పెళ్లిలో రికార్డు చేసిన సన్నాయి మేళమూ కూడా వచ్చి చేరేవి. ఎవరు వాయించారో ఇప్పటికీ తెలీదు.

అదంతా పైరసీ. దాచేదేం లేదు. ఆ ఇరవై రూపాయల్లో పాట రాసినాయనకి గానీ, పాడినావిడకి గానీ పైసా వెళ్లలేదు. ఆ రోజులు మళ్లీ రావాలని నేను అనను. కాకపోతే ఆ రోజుల్లో ఒక అలవాటు ఉండేది. పాట అంటే ఒక ఫైలు. దానికో పేరు, దానికో చోటు. దాన్ని కాపీ చెయ్యొచ్చు, పేరు మార్చొచ్చు, వేరే ఫోల్డర్‌లోకి తోసెయ్యొచ్చు. పదో తరగతి తప్పినవాడికి కూడా ఇది కొట్టినపిండి. పైరసీ పోవడం మంచిదే. దాంతో పాటు ఈ అలవాటు కూడా కొట్టుకుపోయింది.

పూర్తిగా పోలేదనుకోండి. వరికోతలప్పుడు మా వైపు వచ్చి ఏ ట్రాక్టరైనా ఎక్కి చూడండి. స్టీరింగ్ పక్కన ఒక ప్లేయరు, దానికి గుచ్చిన పెన్‌డ్రైవ్, తుప్పు పట్టకుండా దానికి చుట్టిన టేపు. పొలంలో సిగ్నల్ ఉన్నా లేకపోయినా, డేటా ప్యాక్ అయిపోయినా కాకపోయినా ఆ పాట ఆగదు. ఫ్లైట్ మోడ్ పరీక్షలో డ్రైవరన్నకి నూటికి నూరు, మా మేనల్లుడికి సున్నా.

"అద్దె అయితే ఏంటి, ఇల్లు ఖాళీ చెయ్యమంటారా ఏంటి?" అని మీకు అనిపించొచ్చు. అంటారు. చాలాసార్లు అన్నారు కూడా. స్పాటిఫై 2019 ఫిబ్రవరిలో మన దేశానికి వచ్చింది. రెండు నెలలు తిరక్కుండానే సరిగమ కంపెనీతో పేచీ కోర్టుకెక్కి ఆ పాటలన్నీ అందులోంచి మాయమయ్యాయి. మళ్లీ ఒప్పందం కుదిరింది 2020లో. 2023 మార్చిలో జీ మ్యూజిక్ వంతు. ఒప్పందం కుదరక రాత్రికి రాత్రే బోలెడు హిందీ హిట్లు జనం ప్లేలిస్టుల్లో బూడిదరంగుకి తిరిగాయి. ఈ గొడవల్లో తప్పెవరిదో మనకెందుకు, వాళ్లూ వాళ్లూ తేల్చుకుంటారు. మధ్యలో మన ప్లేలిస్టుకి పళ్లు ఊడినట్టయింది, అదీ సంగతి.

కొన్నిసార్లు పాటలు కాదు, ఇల్లే పోతుంది. గూగుల్ ప్లే మ్యూజిక్ 2020లో మూతపడింది. రెస్సో 2024 జనవరిలో మన దేశంలో దుకాణం కట్టేసింది. అదే ఏడాది ఎయిర్‌టెల్ వాళ్ల వింక్ మ్యూజిక్ కూడా సెలవు తీసుకుంది. వీటన్నిటి కన్నా ఘోరం మైస్పేస్ కథ. ఒకప్పుడు అమెరికాలో కుర్ర బ్యాండ్లన్నీ తమ పాటల్ని అందులోనే పెట్టేవి. సర్వర్లు మార్చేటప్పుడు 2003 నుంచి 2015 దాకా జనం ఎక్కించిన పాటలు పోయాయని ఆ కంపెనీ 2019లో చల్లగా చెప్పింది. పన్నెండేళ్ల పాటలు! సొంత కంప్యూటర్‌లో కాపీ ఉంచుకున్నవాళ్లు బతికిపోయారు.

ఇంకో తిప్పలు తెలుగు పాటని వెతకడం. 'నువ్వు' అని కొట్టాలంటే ఇంగ్లిషు అక్షరాల్లో ఒక 'వీ' పెట్టాలా, రెండా? చివర 'యూ'నా, రెండు 'ఓ'లా? ఒకే పాట మూడు స్పెల్లింగులతో మూడు చోట్ల ఉంటుంది, ఒకదాన్లో పాడినవాళ్ల పేరు సంగీత దర్శకుడి చోట ఉంటుంది. నా కార్డులో అయితే ఆ పాట పేరు నేను పెట్టుకున్నదే. 'వాన పాట 2' అని ఉండేది. అది ఏ సినిమాదో నాకు తెలుసు, అది చాలు.

ఇదంతా పాటల వరకే అయితే ఇంత రాయక్కర్లేదు. ఫైలు అంటే ఏంటో తెలియకపోవడం ఇంకా చాలా చోట్ల తగులుకుంటోంది. 2021లో ద వెర్జ్ అనే టెక్ పత్రికలో ఒక కథనం వచ్చింది. అమెరికాలో ప్రొఫెసర్లు 'మీ ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉంది?' అంటే పిల్లలకి ప్రశ్నే అర్థం కావడం లేదట. అక్కడిదాకా ఎందుకు, అడ్మిషన్ల సీజన్‌లో ఏదైనా నెట్ సెంటర్‌కి వెళ్లి ఓ గంట కూర్చోండి.

"మార్కుల మెమో ఉందా?"

"ఉందన్నా."

"ఎక్కడుంది?"

"వాట్సాప్‌లో."

"వాట్సాప్‌లో ఎక్కడమ్మా?"

"మా నాన్నకి పంపించాను, ఆ చాట్‌లో.."

అక్కణ్నుంచి ఆ అమ్మాయి బొటనవేలితో మూడు నెలల చాట్ పైకి తోస్తూ ఉంటుంది. వెనకాల లైన్‌లో ఇంకో పది మంది. దొరికిన మెమో కూడా వాట్సాప్‌లో నాలుగు చేతులు మారి అంకెలు అలుక్కుపోయి ఉంటుంది. 'ఫొటో 50 కేబీ లోపు ఉండాలి' అని సైట్ అంటుంది. కేబీ ఏంటి, ఎంబీ ఏంటి? పాటలు ఎక్కించుకున్న తరానికి ఇది చిటికెలో పని. ఆ అమ్మాయి తెలివితక్కువది కాదు, రీల్ ఎడిటింగ్‌లో నన్ను పది సార్లు కొనేసి అమ్మేయగలదు. ఎవరూ ఆమెకి ఫైలు చూపించలేదు. ఫోన్ తయారు చేసినవాళ్లే దాన్ని చూడనక్కర్లేదని దాచేశారు.

ఇక అసలు విషయానికి వస్తాను. పాట పోతే ఇంకోచోట దొరుకుతుంది, మెమో పోతే డూప్లికేటు తెచ్చుకోవచ్చు. ఎక్కడా దొరకనివి కొన్ని ఉంటాయి.

మా బాబాయ్ పోయి మూడేళ్లయింది. ఆయన టైప్ చేసే మనిషి కాదు. కళ్లజోడు వెతుక్కోవడం కన్నా మైకు గుర్తు నొక్కి మాట్లాడెయ్యడం ఆయనకి తేలిక. బజారుకెళ్తే వాయిస్ మెసేజ్, బస్సెక్కితే వాయిస్ మెసేజ్, దిగితే ఇంకోటి. మొన్న సంక్రాంతికి ఇంటికెళ్లేసరికి పిన్ని పాత ఫోన్‌ని ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చెయ్యడానికి మా తమ్ముడు సిద్ధం చేస్తున్నాడు. "దాంట్లో మీ బాబాయ్ మాటలేమైనా ఉన్నాయేమో చూడండ్రా" అంది పిన్ని. తమ్ముడు వాట్సాప్ తెరిచి చూపించాడు. ఖాళీ. ఎప్పుడో యాప్ తీసేసి మళ్లీ వేసినప్పుడు పాత చాట్‌లు తిరిగి రాలేదట. "లేవమ్మా, పోయాయి" అన్నాడు. వాడు చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం!

యాప్‌లో కనబడకపోతే లేనట్టే అన్నది మీ తరం నమ్మకం. అది పాత ఆండ్రాయిడ్ ఫోన్. అలాంటి ఫోన్లలో వాట్సాప్ ఫొటోలనీ ఆడియోలనీ ఫోన్ మెమరీలో విడిగా ఒక ఫోల్డర్‌లో పెట్టేది. యాప్ తీసేసినా ఆ ఫోల్డర్ అక్కడే ఉండిపోయేది. ఫైల్స్ యాప్ తెరిచి, వాట్సాప్, దాన్లో మీడియా, దాన్లో వాయిస్ నోట్స్ అని ఒక్కో తలుపూ తీసుకుంటూ లోపలికెళ్లాం. వారానికో ఫోల్డర్. ఒక్కోదాన్లో ఓపస్ అనే రకం ఫైళ్లు. పేరులో తేదీ ఉంటుంది, ఓ నంబరు ఉంటుంది, ఎవరు మాట్లాడారో మాత్రం ఉండదు. అంటే ఒక్కోటీ వినాల్సిందే.

రెండు రాత్రులు విన్నాం. చీటీల ఆవిడ, పాలబ్బాయి, ఎవరో పెళ్లి పిలుపు, తెల్లారగానే శ్లోకాలు పంపే దూరపు చుట్టం, మధ్యమధ్యలో పిన్ని గొంతే. అప్పుడొచ్చింది: "దొండకాయలు బాలేవు, బెండకాయలు తేనా? నువ్వు చెప్పకపోతే రెండూ మానేస్తా." పిన్ని ఏడవలేదు. స్టవ్ కట్టేసి వచ్చి మా పక్కన కూర్చుంది. "ఇంకోసారి పెట్టు" అంది. తర్వాత, "ఆ రోజు బెండకాయలూ ముదురువే తెచ్చారు" అంది.

మొత్తం 61 దొరికాయి. వాటిని తమ్ముడి ల్యాప్‌టాప్‌లో ఒక కాపీ, నా దగ్గర ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి పెట్టాం. పెన్‌డ్రైవ్‌లో పెట్టేవాటిని ఎంపీత్రీలోకి మార్చాం. ఎందుకంటే పిన్ని వంటింట్లో భక్తి పాటలకి వాడే చిన్న స్పీకరుకి ఓపస్ అంటే తెలీదు, ఎంపీత్రీ తెలుసు. లోకంలో ఎంపీత్రీ తెలియని యంత్రం దొరకడం కష్టం. దాని పేటెంట్ల లైసెన్సులు ఇచ్చే పనిని జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ 2017లో ముగించినప్పుడు 'ఎంపీత్రీ చచ్చిపోయింది' అని వార్తలొచ్చాయి. చచ్చిపోలేదు, ఎవరికీ లైసెన్సు డబ్బు కట్టక్కర్లేని వస్తువైంది, అంతే. ఐపాడ్ తయారీని ఆపిల్ 2022లో ఆపేసింది. ఎంపీత్రీ మాత్రం పిన్ని వంటింట్లో నిక్షేపంగా ఉంది.

మీ ఇంట్లో కూడా ఈ పండక్కో వచ్చే సేల్‌కో ఓ పాత ఫోన్ ఎక్స్‌ఛేంజ్‌కి వెళ్తుంది కదా. రీసెట్ కొట్టే ముందు ఒక గంట కేటాయించండి. కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ ఫోల్డర్ 'ఆండ్రాయిడ్' లోపల 'మీడియా' లోపలికి మారింది, వెతికితే కనబడుతుంది. అయితే ఇక్కడ యాప్ తీసేస్తే దాంతో పాటే ఫోల్డరూ పోయే ప్రమాదం ఉంది, కాబట్టి ముందు కాపీ, తర్వాతే మిగతాది. చాట్ ఇంకా ఉంటే 'ఎక్స్‌పోర్ట్ చాట్' నొక్కి మీడియాతో సహా బయటికి తీయొచ్చు. ఐఫోన్ వాళ్లకి ఇదే సులువు దారి. గూగుల్ బ్యాకప్ ఉందిగా అంటారా? ఉచితంగా ఇచ్చే 15 జీబీలో మీ ఫొటోలూ, మెయిళ్లూ, ఈ బ్యాకప్పూ అన్నీ సర్దుకోవాలి. పైగా ఆ బ్యాకప్ తిరిగి వాట్సాప్‌లోనే తెరుచుకుంటుంది, వంటింటి స్పీకరులో కాదు.

పాత ఫోన్‌కి పెద్ద ధర పలక్కపోతే అసలు ఇవ్వనే ఇవ్వకండి. సిమ్ తీసేసి, ఉన్న యాప్‌లన్నీ పీకేస్తే అది మంచి మ్యూజిక్ ప్లేయర్. ఇయర్‌ఫోన్ వైరు పెట్టుకునే రంధ్రమూ, మెమరీ కార్డు పెట్టే చోటూ ఉన్న ఫోన్లు ఇప్పుడు దుకాణాల్లో తగ్గిపోతున్నాయి, మీ బీరువాలో మాత్రం ఒకటి పడి ఉంటుంది. నా పాతది అలాగే వాడుతున్నాను. నోటిఫికేషన్ రాదు, ఎవడూ మధ్యలో ఫోన్ చెయ్యడు, ఒక పాట అయ్యాక ఏది రావాలో నేను పెట్టిన వరస ప్రకారమే వస్తుంది.

పిన్ని పెన్‌డ్రైవ్‌లో ఫైళ్ల పేర్లు మార్చే పని తమ్ముడికి అప్పగించాను. తేదీ, నంబరు చూస్తే ఆవిడకి ఏం తెలుస్తుంది? వాడు ఓ ఆదివారమంతా కూర్చుని అన్నిటికీ తెలుగులో పేర్లు పెట్టాడు. 'బెండకాయలు', 'బస్సెక్కాను', 'గ్యాస్ బండ వచ్చిందా', 'తాళంచెవి కుండీ కింద', 'బస్సెక్కాను 2', 'బస్సెక్కాను 3'. అన్నిట్లోకీ చిన్నది మూడు సెకన్లది. "ఆఁ, వస్తున్నా" అని. దానికి మాత్రం ఏం పేరు పెట్టాలో తెలియక 'ట్రాక్ 61' అని వదిలేశాడు.